సున్నంలో గంజి

తనూజకి ఆ పొద్దున కాలు నేల మీద నిలవలేదు. రేపల్లెలో మూతపడ్డ రైసు మిల్లు వెనక గదిలో, చెక్క అరల మీద పేర్చిన వరిగడ్డి సంచుల్లోంచి తెల్లటి మొగ్గలు పొడుచుకొచ్చాయి. పుట్టగొడుగులు! వారం తిరక్కుండా తెనాలి రైలెక్కుతాయి.

"ఒసే సుశీలా, మాణిక్యమ్మత్తని పిలవ్వే! మన పంట చూద్దురుగాని!"

మన పంట! ఆ మాట అనడానికి కూలికెళ్లే ఈ ముగ్గురికి ఇన్నేళ్లు పట్టింది. నాట్లేసేది ఆడవాళ్లు, కలుపు తీసేది ఆడవాళ్లు. రైతంటే మాత్రం పొలం తన పేర ఉన్న మగాడు! సెంటు భూమి లేనివాళ్లకి నాలుగు గోడలే పొలం అనుకుని, తనూజ బాపట్ల వ్యవసాయ కాలేజీకి వెళ్లి ఈ సాగు నేర్చుకొచ్చింది. మిల్లు యజమాని బసవేశ్వరరావు గది ఇచ్చాడు గానీ, అందులోని టేకు అరలు ఆయన తాత చేయించినవి. "చెక్క పాడైందా, ఆ రోజే ఖాళీ చెయ్యాలమ్మాయ్" అన్నాడు. శనివారం చూడ్డానికొస్తానని కబురు కూడా పెట్టాడు.

మాణిక్యమ్మ మొగ్గల్ని చూసి మురిసిపోయింది. వంగి అర కిందికి తొంగి చూసి, "ఇదేంటే, పచ్చగా?" అంది.

చెక్క అడుగంతా పచ్చ బూజు!

"బూజేగా, ఉండు" అని మాణిక్యమ్మ బూజుకర్ర అందుకుంది. తనూజ ఒక్క గెంతులో వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఇది సాలీడు బూజు కాదు! దులిపావంటే పొడి లేచి సంచులన్నిటికీ అంటుకుద్ది. పంటా పోద్ది, గదీ పోద్ది!"

"సంచులు పెట్టేముందు సున్నం కొట్టాంగా? సున్నానికి బూజేంటి, వింత కాకపోతే!" అంది సుశీల.

"సున్నానికి పట్టదు..." అంటూనే తనూజ ఆగిపోయింది. ఆ సున్నం కలిపింది తనే. గోడకేసిన సున్నం చీరకంటకుండా ఇంటింటా చేసినట్టే, కుండెడు గంజి కాచి మరీ పోసింది.

తనూజ పుట్టింది చీరాల నేత ఇంట్లో. వానాకాలం గంజి పెట్టిన పడుగు ఆరకపోతే మచ్చలు లేచేవి. "తడి గంజంటే బూజుకి పెళ్లిభోజనమే తల్లీ" అనేవాడు నాన్న శివరామయ్య. మరమగ్గాలొచ్చి ఆయన మగ్గం మూలపడింది. ఆ మాట కూడా మూలపడిందనుకుంది తను.

"అత్తా, దీన్ని మనమే వండి పెట్టి పెంచాం!"

"చంటిపిల్లాణ్ణి మేపినట్టు మేపావు కదే!" సుశీల పగలబడి నవ్వింది.

"పోనీ, బూజు పట్టకుండా మీ నాన్న గంజిలో కలిపే మైలుతుత్తం పూసేద్దామా?" అంది మాణిక్యమ్మ.

"నోట్లో పెట్టుకునే పంట పక్కన విషం ఎందుకత్తా? ఆరబెడదాం, పట్టండి!"

ఇక చూడాలి ఆ హడావిడి! పచ్చ మచ్చ పడ్డ సంచుల్ని మూతి కట్టి దూరంగా పాతేశారు. మంచివాటిని వసారాలో తడి గోనెల చాటున దాచారు. పొడి లేవకుండా తడిగుడ్డతో బూజు తుడిచి, గంజి సున్నం గీకి, పలకలూడదీసి, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లంలోకి మోశారు. ఎండ నిప్పులు చెరుగుతుంటే ముగ్గురికీ పండగ! పలకలు పెళపెళా ఎండాక గంజి లేని వట్టి సున్నం పూశారు. అరల కాళ్ల కింద ఇటుకలు, గోడకీ అరకీ మధ్య జానెడు సందు, సంచుల అడుగున ప్లాస్టిక్ పట్టా. పుట్టగొడుక్కి తేమ కావాలి, చెక్కకి పడదు. అందుకే నీళ్లు నేల మీదా, వేలాడదీసిన గోనెల మీదే. పూటపూటా తలుపులు రెండూ బార్లా తీశారు.

శనివారం బసవేశ్వరరావు వచ్చి అర తడిమాడు. అరచెయ్యి తెల్లబడింది. "సున్నం ఊడుతోందేంటమ్మాయ్?"

"ఊడనివ్వండి బాబాయిగారూ, మళ్లీ వేసుకుంటాం. చెక్క చూడండి."

ఆయన అడుగు వైపు గోరుతో గిచ్చాడు. గోరు దిగలేదు. వేలితో కొడితే ఠంగుమంది. "భేష్! ఉండండమ్మా, మీ ఇష్టమున్నన్నాళ్లు."

సుశీల ఈల వేసింది. తనూజ మాత్రం ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"నోటిమాటొద్దండి. మా ముగ్గురి పేరా కౌలు కాగితం రాయండి."

"ఆడాళ్లకి కౌలు కాగితమా!"

"పండించేది ఎవరండి మరి?"

బసవేశ్వరరావు సంచుల మీద గుత్తులుగా విచ్చుకున్న తెల్లటి గొడుగుల్ని చూశాడు, దారికడ్డంగా నిలబడ్డ మనిషినీ చూశాడు. నవ్వాపుకోలేక చెప్పులేసుకున్నాడు. "సరే పదమ్మా, స్టాంపు కాగితం కొనుక్కొద్దాం."

"నేనూ వస్తున్నా, ఆగండి!" అని మాణిక్యమ్మ కొంగు బిగించింది.