నిలబడలేనివాడి మీద నా రిపోర్టు

సరిహద్దు పోస్టుకు మేం చేరింది అక్టోబరు చివర్లో, మధ్యాహ్నం రెండింటికి. పదమూడు వేల అడుగుల ఎత్తు. రెండు బంకర్లు, తొమ్మిది మంది, చెవులు కోసే గాలి. నేను హవల్దారును. తెలుగువాళ్లం ఇద్దరమే: బోధన్ నుంచి నేను, చందూర్ నుంచి శీను. ఇద్దరిదీ ఒకే జిల్లా. రేడియో సెట్టు అతనిది.

రోజూ తెల్లవారకముందు ఐదున్నరకు అందరం తుపాకులతో మోర్చాల్లో, అంటే కాపలా గుంతల్లో, నిలబడాలి. గంటసేపు కదలకూడదు.

డిసెంబరులో శీనుకు జ్వరం వచ్చి వారానికి తగ్గింది. ఎనిమిదో రోజు మోర్చాలో పది నిమిషాలకే కూలబడ్డాడు. పడుకోబెడితే తేరుకుని రొట్టెలు తిన్నాడు. మర్నాడూ అంతే. పడుకుంటే బాగుంటాడు, నిలబడితే పడతాడు. ఇదేం రోగం? నాకు ఒళ్లు మండింది.

"దొంగ ఏషాలేస్తున్నవారా? జిల్లా ఇజ్జత్ తీస్తున్నవ్ గద!"

"ఒట్టన్నా. నిలవడంగనే గుండె దడదడ కొట్టుకుంటది. కండ్లకు చీకట్లొస్తయి."

నమ్మలేదు. మా జిల్లావాణ్ణి వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అంటారేమోనని నా భయం. అందుకే అతని మీద మరింత కఠినంగా ఉన్నాను. కింది క్యాంపుకు రిపోర్టు పంపాను. నేను చెబుతుంటే సెట్టు ముందు కూర్చుని శీనే ఒక్కో మాట పలికాడు.

"ఒక జవాను. జ్వరం లేదు. డ్యూటీ ఎగ్గొడుతున్నాడు. ఓవర్."

అవతలివాళ్లు పేరు అడిగారు. తన పేరు తనే చెప్పాడు.

పదకొండు రోజులు అలాగే నిలబెట్టాను. పన్నెండో రోజు రాతి మీద పడి తల పగిలింది. స్ట్రెచర్ మీద కిందికి దించాం. క్యాంపులో డాక్టరు పడుకోబెట్టి నాడి చూశాడు, డెబ్భై. నిలబెట్టి చూశాడు, నూట ముప్పై.

"లేవగానే ఎవరికైనా నెత్తురు కాళ్లలోకి దిగుతుంది. నరాలు రక్తనాళాలను బిగించి పైకి తోస్తాయి. జ్వరం తర్వాత ఇతనికి ఆ బిగింపు సరిగ్గా లేదు. గుండె ఎంత పరిగెత్తినా తలకు చాలినంత అందడం లేదు. మొదటి రోజే ఎందుకు పంపలేదు?"

కొన్ని నెలలకే శీనును కొలువు నుంచి తప్పించి ఇంటికి పంపేశారు.

నేను రిటైరై బోధన్ వచ్చాక కూడా అతని గడప తొక్కడానికి నెల పట్టింది. ఒక ఉదయం చందూర్ బస్సెక్కాను. శీను మంచం మీద ఉన్నాడు. తొడల దాకా బిగుతు మేజోళ్లు, తలదగ్గర ఉప్పునీళ్ల సీసా. నా గొంతు వినగానే గోడ పట్టుకుని లేచాడు.

"పండుకో తమ్మీ!"

"నీ ముంగట పండుకునుడెట్లన్నా?"

చేతులు జోడించాను. ఏడుపు ఆగలేదు. "మాఫ్ చెయ్యిరా. నిన్ను నేనే ఆగం చేసిన."

"ఊకో అన్నా. నేనే నిలవడలేకపోయిన, గంతే."

పెదాలు తెల్లబడుతున్నా కూర్చోలేదు. ఆ పూట నుంచి నా కళ్లముందు ఒకటే మెదులుతోంది. అతని భార్య మంచం మీది బొంతను నాలుగు మడతలు వేసి, అతని మడమల వెనక, పడితే తల ఆనేంత దూరంలో, గచ్చు మీద పరిచింది. చేత్తో సవరించి నావైపు తిరిగింది.

"చాయ్‌ల చక్కెర ఎంతెయ్యాలె అన్నా?"