కాగితం మీద గట్టి రాయి

ఇన్నేళ్లుగా అన్నం సహించని రోజుల్లో గ్యాస్ అని చెప్పుకొని తిరిగాను. గ్యాస్ కాదు. ఇద్దరి ఉసురు పోసుకున్నాను, ఆ బరువు. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. నువ్వెవరో తెలియదు కాబట్టే నీకు చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖని అవతల బొగ్గు కోసం బోర్లు వేసేచోట నేను జియాలజిస్టును. బోరు యంత్రం నడిపే డ్రిల్లరు పౌలు. వయసులో పెద్ద, అందుకే కాకా అని పిలిచేవాణ్ణి. బొగ్గు పొరలు అయిపోయాక అడుగున కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి తగులుతుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది, కానీ పగుళ్ల వెంట దిగిన నీళ్లు దాన్ని కరిగించి, పుచ్చిపన్నులా లోపల గుల్ల చేస్తాయి. ఆ గుల్లలు ఒకదానితో ఒకటి కలిస్తే కింద చెరువంత నీళ్లుంటాయి. పైన బొగ్గు తవ్వేవాళ్లకు ఆ సంగతి తెలియాలి. అది చెప్పడానికే నన్ను పెట్టుకున్నారు.

మే నెల మధ్యాహ్నం కాక నా దగ్గరకొచ్చాడు.

"సార్, బోరుల పోసిన నీళ్లు మల్ల పైకి వస్తలేవు. రాడ్లు ఒక్కసారే జారినయ్. కింద గుల్లగుంది, రాసుకోండ్రి."

"రాస్తా కాకా. సంతకం పెట్టు."

ఆయనకు ఇంగ్లీషు రాదు. రోజూ నేను నింపే కాగితం కింద ముందే సంతకం పెట్టి పోయేవాడు. మా దగ్గర అదే పద్ధతి. గుల్ల అని రాస్తే నీళ్ల పరీక్షలు చేయించాలి, ఇంకో పదిరోజులు ఆ ఎండలో పడుండాలి. మర్నాటి నుంచి నాకు సెలవు. గట్టి రాయి, నీళ్లు సరిగా తిరిగొస్తున్నాయి అని రాశాను. చెయ్యి ఎందుకు ఆగలేదు? చిన్న అబద్ధమే కదా అనుకున్నానా, అసలేమీ అనుకోలేదా? ఏమీ అనుకోలేదనే ఇప్పుడు నా భయం.

కొన్నేళ్లకు అక్కడ తవ్విన గనిలో అడుగు పగిలి నీళ్లు ఎగదన్నాయి. పంపు దగ్గరున్న కార్మికుడొకడు మునిగిపోయాడు. విచారణలో పాత కాగితాలు తీశారు. డ్రిల్లరు నాకేమీ చెప్పలేదన్నాను. "చెప్పిన సార్" అని కాక ఒక్కసారే అన్నాడు. ఆయన సంతకం ఉన్న కాగితం ముందుండగా ఆయన మాట ఎవరు నమ్ముతారు? ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. మనిషి మంచం పట్టాడు, రెండేళ్లకు పోయాడు.

సమాధి దగ్గర ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మా ఆయన ఆ ముచ్చట నీకు చెప్పుడు మర్చిపోయిండా?"

అవునన్నట్టు తల ఊపాను. ఆయన తరఫున ఆమె నాకు క్షమాపణ చెప్పింది.

కాక మర్చిపోలేదు. చెప్పాడు. రాయనిది నేను. ఇది రాశాక కొంచెం ఊపిరాడుతోంది. కాక భార్య, ఆ అవ్వ ఇంకా బతికే ఉంది, కాసిపేటలో కూతురి దగ్గర. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. నేను మాత్రం వెళ్లను.