తాలు ఏరే యాప్

మా కంపెనీకి పేరు పెట్టడానికి మూడు వారాలు పట్టింది. కంపెనీ మాత్రం ఇంకా లేదు. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు ఈలోపే విజిటింగ్ కార్డులు కొట్టించేశాడు. నా పేరు కింద బంగారు రంగులో కో-ఫౌండర్ అని అక్షరాలు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తలుపు వేసుకుని ఆ కార్డును నాలుగుసార్లు చూసుకున్నాను.

ఆలోచన మాత్రం నాదే. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి రంగు వెలిసిన తాలుకాయలను ఆడవాళ్లు చేత్తో ఏరతారు. గుంటూరు దగ్గర మా ఊళ్లో మా అమ్మ ముప్పయ్యేళ్లుగా చేస్తున్న పని అదే. ఆ కూలి డబ్బులతోనే ఒక్కగానొక్క కూతురినని నన్ను ఇంజనీరింగ్ దాకా చదివించింది. అంత చదువు చదివి నేను కనిపెట్టిందేమిటయ్యా అంటే, ఆ ఏరడమేదో ఫోనూ, దానికి తగిలించిన ఒక మిషనూ కలిసి చేసేస్తే సరిపోతుందని! మిత్రుడు దీన్ని డిస్రప్షన్ అన్నాడు. మిరపకాయ బజ్జీలో ఉంటుందని తప్ప దాని గురించి వాడికి ఇంకేమీ తెలియదు.

డబ్బు పెడతానన్న పెద్దమనిషి ఒకే షరతు పెట్టాడు. ఇద్దరం ముందు ఉద్యోగాలు మానేయాలి, సోమవారంలోపు ఏదో ఒకటి తేల్చాలి. పదకొండేళ్ల ఉద్యోగం. రాజీనామా మెయిలు రాసి డ్రాఫ్టులో పెట్టుకుని, పంపే ధైర్యం లేక రోజూ తెరిచి కామాలు దిద్దుకుంటూ కూర్చున్నాను.

చివరిసారిగా యాప్‌ను పరీక్షిద్దామని శనివారం మిత్రుణ్ణి వెంటబెట్టుకుని మా ఊరు వెళ్లాను. మహానుభావుడు కల్లానికి తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. అడుగు పెట్టగానే తుమ్ములు అందుకున్నాడు. ముక్కుకు కొంగులు చుట్టుకుని తాలు ఏరుతున్న ఆడవాళ్లు ఒకటే నవ్వు.

"ఎవరే ఆ అబ్బాయి? జలుబా?" అని అడిగింది ఒకావిడ.

"కాదులే, కంపెనీ పెడతాడంట" అంది అమ్మ.

అమ్మ పక్కనున్న సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి గుడ్డ మీద పోసింది. మిత్రుడు ఫోను పెట్టాడు. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. ఫస్టు క్వాలిటీ! వాడు ఒక్క గెంతు గెంతాడు. అమ్మ ఒక కాయను చెవి దగ్గర ఆడించి, తొడిమ తుంచి వాసన చూసింది.

"ఫస్టు క్వాలిటీయా, నీ మొహం! ఇది ఏసీ కాయే పిచ్చిదానా. పోయినేడుది. కారానికని రైతు తెచ్చి పెట్టుకున్నాడు."

కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చిని మా వైపు ఏసీ కాయ అంటారు. ఇది చూడ్డానికి బాగానే ఉంది గానీ ఘాటు చచ్చిపోయింది. మిత్రుడు తుమ్ముతూనే ఆ సంగతి నోట్స్‌లో రాసుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక వాడు ల్యాప్‌టాప్ తెరిచి అమ్మకు మా స్లైడ్లు చూపించాడు. రెండో స్లైడు మీద "సమస్య" అని పెద్ద అక్షరాలు. తెలుగులో ఉంటే మట్టివాసన వస్తుందని వాడి ముచ్చట. దాని కింద, వంగి కూర్చుని తాలు ఏరుతున్న ఆడవాళ్ల ఫొటో. కిందటి వేసవిలో నేనే తీశాను. అమ్మది చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్న చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంది. "స... మ... స్య." తర్వాత వేలు ఫొటో మీదికి జరిగింది.

"ఈ పచ్చ జాకెట్టు నాదే కదే."

నేను స్లైడు మార్చబోయాను. అమ్మ వేలు తీయలేదు.

"పక్కన మన ఎదురింటి పిన్ని. మరి పైన సమస్య అని రాశారేంటే? మేమేం చేశాం?"

కోపంతో అన్నా బాగుండేది. తెలియక అడిగింది. అందరికీ కలిపి అలా రాస్తారని ఏదో నసిగాను. తల తీసేసినట్టయింది. ఆ వీపు అట్లా వంగబట్టే కదా నేను ఏసీ గదిలో నిటారుగా కూర్చున్నది!

తిరిగొచ్చేటప్పుడు కారులో మిత్రుడు నన్ను ఓదార్చబోయాడు. "ఏముందిలే, ఫొటో మార్చేద్దాం. వేరే ఆవిణ్ణి పెడదాం."

"నోర్ముయ్" అని అరిచాను. ఇంకా నాలుగు మాటలన్నాను, ఇక్కడ రాయదగినవి కావు. పాపం, బిత్తరపోయాడు. నిజానికి వాడికంటే నేనే ముందున్నాను. వాడు ఆ మాట అనేసరికే నా చేతిలో ఫోనుంది, మొహం కనిపించని వేరే ఆవిడ కోసం ఫొటోలు వెతుకుతున్నాను.

ఆ మెయిలు పంపలేదు. మిత్రుడు ఇంకెవరినో కలుపుకుని కంపెనీ పెట్టాడు. ఈ ఏడు మిషను తెస్తారని మా ఊళ్లో అనుకుంటున్నారట. నేను మాత్రం గొప్ప త్యాగం చేసినదానిలా అమ్మకు ఫోను చేసి, ఉద్యోగం మానలేదనీ, ఆ కంపెనీలో నేను లేననీ చెప్పాను. మురిసిపోతుందనుకున్నాను.

"ఎవడో ఒకడు ఎట్టాగూ పెట్టేవాడేగదే" అంది అమ్మ. "నువ్వు పెట్టుంటే ఇంటికొచ్చి నిన్ను నాలుగు తిట్టి, మా వాళ్లను పదిమందినన్నా పనిలో ఉంచమనేదాన్ని. ఇప్పుడు ఎవణ్ణి తిట్టమంటావ్? ఏసీ కాయవే నువ్వు."