జీడి మచ్చ అనుకున్నాం

మా పెద్దమ్మ పోయింది. టెక్కలిలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను వచ్చింది. ఏడుపు రాలేదు. వచ్చిన బస్సు ఎక్కకుండా అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఇంట్లో అందరం అలిసిపోయి ఉన్నాం, ఆవిడ మరీను.

కవిటి దగ్గర మా ఊరు. వేసవి వస్తే పెద్దమ్మ కళ్లంలో జీడిపిక్కలు ఆరబోసి, తిరగేస్తూ పొద్దంతా ఎండలోనే ఉండేది. మమ్మల్ని మాత్రం చెట్ల కిందికి తరిమేది. గొడుగు ఇస్తే నవ్వేది. "నీడన కూకుంటే పిక్కలెండుతాయేటే? ఎండ మనకేటి కొత్తా?" అనేది. నల్లని ఒంటిని ఎండ ఏం చేస్తుందిలే అని మేమూ అనుకునేవాళ్లం.

పిక్క తొక్కలోంచి కారే జీడి పడితే ఒళ్లు కాలి మచ్చ కడుతుంది. మా ఊళ్లో అలా కాల్చుకోనివాళ్లు లేరు. కాలినవాళ్లంతా పెద్దమ్మ దగ్గరికే వచ్చేవారు. కొబ్బరినూనె రాసి, నోటితో ఊదుతూ, "ఏడవకే, పాత తోలు పోతే కొత్త తోలొత్తాది" అనేది. చిన్నప్పుడు నా పెదవి కాలితే మానేదాకా రోజూ ఒళ్లో పడుకోబెట్టుకుని నూనె రాసింది. అంత ఓపిక నాకు ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

అందుకే ఆవిడ చెవి మీద చిన్న పుండు లేచి, "జీడి పడిందిలే" అంటే ఎవరం మారు మాట్లాడలేదు. జీడి సంగతి ఆవిడకు మనం చెప్పాలా? అది మానినట్టే మాని, పొక్కు కట్టి, మళ్లీ రక్తం కారేది. నూనె రాసి చెంగు కప్పేసుకునేది.

డాక్టర్ల మొహం చూడలేదని కాదు. మా ఉద్దానం ప్రాంతంలో భయమంతా కిడ్నీ జబ్బుదే. ఊళ్లో రక్తపరీక్షలు పెట్టినప్పుడల్లా ముందు వెళ్లి నిలబడేది. చేయి చాపేది, తల మీద చెంగు మాత్రం తీసేది కాదు. "నా కిడ్నీలు బాగున్నాయటర్రా!" అంటూ వచ్చి కోడి కోయించేది. మేమూ సంతోషంగా తినేవాళ్లం.

చివరికి పుండు పెద్దదయ్యాక విశాఖపట్నం తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ చెంగు తీయించి చూసింది. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, చర్మ క్యాన్సర్ అని చెప్పింది. అప్పటికే అది మెడలోకి పాకి గడ్డలు కట్టింది. "ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోటు. నల్లగా ఉన్నవాళ్లకి రాదనుకోకండి. నెల దాటినా మానని పుండు ఏదైనా చూపించాలి. చిన్నగా ఉన్నప్పుడే తెస్తే కోసి తీసేసేవాళ్లం" అంది. పెద్దమ్మ ఆమెనే ఓదార్చింది. "నువ్వేటి సేత్తావు తల్లీ, నేను జీడనుకున్నాను."

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆడవాళ్లం అరుగు మీద చేరాం. పక్కింటావిడ ఏమనుకుందో ఏమో, మా అమ్మ వెనక చేరి, అమ్మ జుట్టు పక్కకు తీసి చెవి వెనక చూసింది. ఇక అందరం, పేలు చూసుకున్నట్టే, ఒకరి వెనక ఒకరం కూర్చుని మెడలు, చేతులు, పాదాలు చూసుకున్నాం. పెద్దమ్మ కూతురు, మా అక్కకి ముక్కు పక్కన గోరంత పొక్కు ఉంది. కళ్లంలో పని ఇప్పుడు తనదే.

"ఎన్నాల్లయిందే ఇది?" అమ్మ అడిగింది.

"తెల్దు పిన్నీ. మానతాది, మల్లీ వత్తాది."

అమ్మ అక్క గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. అక్క కళ్లు మూసుకుని, కదలకుండా, చూడనిచ్చింది.