రెండో పంక్తి తలపాగా

కరెంటు పోయి యూపీఎస్ కీచుకీచుమని అరిస్తే, అందరూ కొవ్వొత్తి వెతుక్కుంటారు. నా చెయ్యి మాత్రం మౌసు కోసం తడుముకుంటుంది. మొన్న మా అపార్ట్‌మెంటులో అలా అరిచినప్పుడు మాణిక్యాంబ పిన్నిగారి కేక చెవిలో పడ్డట్టే అయింది: "రాక్షసుడు చచ్చేడా లేదా అండీ? ఇంకాసేపట్లో ఇదీ ఆరిపోద్ది!"

రెండువేల సంవత్సరం దాటిన రోజులు. కొత్తపేట బస్టాండు దగ్గర పిన్నిగారు ఇంటర్నెట్ సెంటరు పెట్టి, డిగ్రీని అత్తెసరు మార్కులతో గట్టెక్కించిన నన్ను చూసుకోమని కూర్చోబెట్టారు. ఆవిడ భర్త కువైట్‌లో డ్రైవరు. ఫోనులో ఐదు నిమిషాలకే ఇద్దరికీ మాటలు అయిపోయేవట. అందుకని బాబాయిగారు ఆవిడకి ఓ ఆన్‌లైన్ ఆట నేర్పారు. శుక్రవారం ఆయనకి సెలవు; ఇద్దరూ చెరో కత్తీ పట్టుకుని అడవిలో షికారు తిరిగేవారు. ఎంత యుద్ధమైనా పిన్నిగారు భర్తని దాటి ఒక్క అడుగు వేసేవారు కాదు. "ఆయన ముందు నడవకూడదండీ" అనేవారు. ఫలితంగా ప్రతిసారీ బాబాయిగారు ముందు చచ్చేవారు, ఆవిడ గెలిచేవారు. దేనికైనా "ఆయ్" అని టైపు చేసే అలవాటు ఆవిడకి. జట్టులోని విదేశీయులు దాన్ని యుద్ధనినాదం అనుకుని, వాళ్ళూ "ఆయ్, ఆయ్" అంటూ రాక్షసుల మీద పడేవారు.

ఒక ఏడు ఆ ఆటలో వారంపాటు జాతర జరిగింది. గెలిచినవాళ్ళకి బంగారు తలపాగా ఇచ్చారు. అది బలం పెంచదు, దెబ్బ ఆపదు, ఉత్త అలంకారం. ఇక మళ్ళీ ఎవరికీ ఇచ్చేది లేదన్నారు. పిన్నిగారికీ, వాళ్ళతోపాటు ఆడే నాకూ దక్కింది. ఆ వారమంతా డబుల్ డ్యూటీలో ఉన్న బాబాయిగారికి దక్కలేదు. పిన్నిగారు తనది పెట్టెలో పెట్టేశారు. "ఆయన బోడితలతో నిలబడితే పక్కన నేను పాగా చుట్టుకోవడమేంటండీ?" నేను మాత్రం తియ్యలేదు. కొత్తపేటలో నన్ను ఎవరూ పట్టించుకునేవారు కాదు గాని, ఆటలో బ్రెజిల్ వాడు కూడా ఆగి చూసేవాడు. తలలో ఏమున్నా లేకపోయినా, తలమీద ఉంది కదా!

కొన్నాళ్ళకి ఆట కంపెనీవాళ్ళు, ఆ తలపాగాని మళ్ళీ ఇద్దామా వద్దా చెప్పమని, అప్పటికే అది ఉన్నవాళ్ళని అడిగారు. నేను ఆవేశంగా టైపు చేస్తుంటే పిన్నిగారు నా వెనక వచ్చి నిలబడ్డారు.

"ఏం రాస్తున్నావు బాబూ?"

"వద్దనండి. అందరికీ ఇచ్చేస్తే మన విలువేముంటాదండీ?"

"పెళ్ళిలో ఏ పంక్తిలో కూర్చుంటావు నువ్వు?"

"మొదటి పంక్తేనండి."

"ఆయ్. తిని చెయ్యి కడుక్కుంటా, 'రెండో పంక్తికి పనసపొట్టు కూర వెయ్యకండి, నేను తిన్నదాని రుచి తగ్గిపోద్ది' అంటావా?"

"అది కూరండి. ఇది గౌరవమండి."

"గౌరవమైతే మరీ వడ్డించాలి గదా! మీ బాబాయిగారు బండి నడుపుతా ఉండిపోయేరు బాబూ. ఆకలి లేక కాదు."

ఆవిడ గొంతు అలా తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. 'వద్దు' చెరిపేసి 'ఇవ్వండి' అని రాశాను. ప్రాణం ఉసూరుమంది.

తలపాగా మళ్ళీ పెట్టారు. కాని చివరి రాక్షసుడు చచ్చేదాకా బతికున్నవాళ్ళకే ఇస్తామన్నారు. బాబాయిగారికి బతికుండే అలవాటు లేదు! ఆ శుక్రవారం సెంటరంతా పిన్నిగారి కుర్చీ చుట్టూ మూగింది. రాక్షసుడు గద ఎత్తాడు. బాబాయిగారు మామూలుగానే ముందు నిలబడ్డారు. పిన్నిగారు "క్షమించండి" అని టైపు చేసి, కళ్ళు మూసుకుని మౌసు టకటకా నొక్కుతూ, ఆయన్ని దాటి వెళ్ళిపోయారు. కళ్ళు తెరిచేసరికి రాక్షసుడు నేలమీద ఉన్నాడు, పాగా బాబాయిగారి నెత్తిమీద ఉంది. ఆవిడ పెట్టెలోంచి తనదీ తీసి పెట్టుకున్నారు.

"బాగుందండి" అని టైపు చేశారు.

"చూస్తేనే మెడ నొప్పిగా ఉంది. తీసెయ్యనా?" అన్నారాయన.

"ఫోటో అయ్యేదాకా ఉండండి!"

పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి దిగిన ఫోటో లేదట. తెరమీద బొమ్మని రంగుల్లో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. వచ్చినవాళ్ళు "ఈ కత్తులవాళ్ళెవరండీ?" అంటే, "మా ఆయన, నేనూను" అనేవారు.

ఒకప్పుడు మా కొద్దిమందికే దక్కిన అలంకారం వేసుకుని ఏ ఆటలోనైనా కొత్తవాళ్ళు ఎదురైతే, ఇప్పటికీ లోపల చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. అయినా "బాగుందండి" అని టైపు చేస్తాను. అవతలి మనిషికి తెలుగు రాదని తెలుసు. అండీ మానడం నాకూ రాదు.