వాల్టర్ ఫొటోను నేను సరిచేసిన సంగతి

2022 అక్టోబర్ నాటికి నేను బాతెల్‌లోని ఒక ప్రింట్ లాబ్‌లో చేరి రెండేళ్లయింది. సియాటెల్ చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్లు ఎగ్జిబిషన్లలో పెట్టుకునే పెద్ద ఫొటోలు మా దగ్గర ప్రింటవుతాయి. లోపల గోడలన్నీ బూడిద రంగులో ఉంటాయి. చుట్టూ వేరే రంగులుంటే ఫొటోలోని రంగు కంటికి సరిగా అందదు. మా ఆయన ప్రసాద్‌ది రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయన వెంట వచ్చి, వర్క్ పర్మిట్ చేతికందాక నేను వెతుక్కున్న మొదటి పని ఇది. అంతకుముందు విజయవాడలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే కలర్ లాబ్‌లో ఏడేళ్లు చేశాను. అందుకని నాకీ పని కొత్త కాదనుకునేదాన్ని.

కోరీ ఆ నెలలోనే మా దగ్గరికి వచ్చిన కొత్త కస్టమర్. నలభై దాటిన వయసు, పొడుగ్గా, సన్నగా, ఒక చెవికే పోగు. తనని ‘హీ’ అనీ ‘షీ’ అనీ కాకుండా ‘దే’ అనమని మొదటిరోజే చెప్పారు. ఇంగ్లీషులో నాలుగైదుసార్లు తడబడ్డాను. తెలుగులో అనుకుంటే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ‘కోరీ వచ్చారు, కోరీ అన్నారు’ అంటే చాలు, మగో ఆడో చెప్పక్కర్లేదు. ఆ మాట చెబితే కోరీ నవ్వి, “అయితే మీ భాషలో మర్యాద ఇస్తే సరిపోతుందన్నమాట,” అన్నారు.

తెచ్చినవి పద్దెనిమిది పోర్ట్రెయిట్లు. అందరూ నల్లజాతివాళ్లు, క్వియర్ మనుషులు. మగవాళ్లంటే ఇలా ఉండాలి, ఆడవాళ్లంటే ఇలా ఉండాలి, ఫలానావాళ్లనే ప్రేమించాలి అనే లెక్కల్లో ఇమడనివాళ్లు తమకు తాము చెప్పుకునే పేరు అది. కోరీ కూడా వాళ్లలో ఒకరు. వాళ్ల ప్రైడ్ పరేడ్లలో కనిపించే మెరుపుల బట్టలు ఉంటాయనుకుని ఫైళ్లు తెరిచాను. ఒకావిడ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఒకతను బస్సు డ్రైవర్ యూనిఫాంలో సోఫా మీద కునుకు తీస్తున్నాడు.

“అందరినీ ఇళ్లలోనే తీశారెందుకు?” అని అడిగాను.

“బయట ఉన్నంతసేపూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆలోచిస్తూ ఉంటాం. ఇంట్లో ఆ ఆలోచన ఉండదు. ఆ చేతులు నాకు కావాలి,” అన్నారు కోరీ.

వాటిలో వాల్టర్ ఫొటో ఒకటి. డెబ్బై నాలుగేళ్ల మనిషి, రిటైరైన మ్యూజిక్ టీచర్, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ఫొటోలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన భుజం మీద చెయ్యేసి వెనక నిలబడ్డవాడు లయొనెల్. ఇద్దరూ ముప్ఫై ఏళ్లకు పైగా జంటగా కలిసి ఉంటున్నారు. చర్చివాళ్లకీ, వాల్టర్ చెల్లెలికీ మాత్రం లయొనెల్ ఆ ఇంట్లో అద్దెకుండే మనిషి. అందుకే ప్రింట్ చూశాకే, ఎగ్జిబిషన్‌లో పెట్టొచ్చో లేదో చెప్తానన్నాడు వాల్టర్.

ప్రూఫ్ ప్రింట్ అంటే అసలు ప్రింట్‌కు ముందు తీసే నమూనా. అది చూడటానికి కోరీ ఆయన్ని వెంటబెట్టుకొచ్చారు. పగటి వెలుతురుతో సమానమైన లైట్లుండే వ్యూయింగ్ బూత్‌లో ప్రింట్ పెట్టి పక్కకు జరిగాను. వాల్టర్ కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఆయన ముఖం తేలికపడింది.

“బాగుంది. పెట్టుకోండి. ఇది నేనని ఎవరూ అనుకోరు,” అన్నాడు.

కోరీ ప్రింట్‌కేసి, ఆయనకేసి మార్చి మార్చి చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

“పద్మా, ఫైల్‌లో ఏమైనా మార్చారా?”

“షాడోస్ కొంచెం లిఫ్ట్ చేశాను,” అన్నాను. చీకటిగా ఉన్న భాగాల్లో వెలుగు పెంచడాన్ని మేం అలా అంటాం.

“ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు. విజయవాడలో కూడా ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేకపోయేది. పెళ్లికూతురి ముఖం మూడు పాయింట్లు, తల్లి ముఖం రెండు పాయింట్లు తెలుపు చేసి పంపేవాళ్లం. ఏడేళ్లు అలా చేసిన చెయ్యి తనంతట తనే కదులుతుంది. సిగ్గేసినా ఉన్నమాట చెప్పేశాను.

“అయితే నన్ను పెళ్లికూతుర్ని చేశారన్నమాట,” అని నవ్వాడు వాల్టర్.

కోరీ నవ్వలేదు. “ఈ ప్రింట్ నేను పెట్టను.”

“నేను సరే అన్నాను కదా.”

“మీరు సరే అన్నది ఇంకెవరి ఫొటోకో. మీ ఫొటో చూశాక చెప్పండి.”

ఇంటికొచ్చి ప్రసాద్‌కి చెప్పాను. “ఆ పెద్దాయన ఓకే అన్నాడు కదా, ఇంక ప్రాబ్లం ఏంటి? డెలివర్ చేసెయ్,” అన్నాడు.

“తను కనిపించట్లేదని ఓకే అన్నాడు.”

“మరి రీప్రింట్‌లో కనిపిస్తే నో అంటాడేమో.”

“అనొచ్చు,” అన్నాను. నా భయమూ అదే.

రీప్రింట్ కూడా అనుకున్నంత సులువు కాలేదు. ఫైల్‌ను ముట్టుకోకుండా అదే మెరుపులేని మ్యాట్ పేపర్ మీద తీస్తే సిరా ఇంకిపోయి, చెంపా మెడా కోటూ ఒకే నల్లటి ముద్దయ్యాయి. పేపర్ మార్చాం. బరైటా అనే పేపర్‌కి సన్నటి మెరుపు ఉంటుంది, దాని మీద నలుపులో నలుపు విడివిడిగా తెలుస్తుంది. కోరీ రెండు మధ్యాహ్నాలు నా పక్కనే కూర్చున్నారు.

“ఎంత నలుపో చూడకండి. వెలుతురు ఎక్కడ పడిందో చూడండి,” అన్నారు.

చూశాను. కిటికీ నుంచి వచ్చిన నీలం ఛాయ నుదుటి మీద ఉంది. చెంప మీద ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు. దవడ కింద, బల్ల మీది గుడ్డ నుంచి పడ్డ పసుపు. ఇన్నేళ్లుగా ముఖాలతోనే పని చేస్తున్నాను, ఒక్క ముఖంలో ఇన్ని రంగులుంటాయని నాకు తెలియదు. తెలిసే లోపలే చెరిపేసేదాన్ని. చిన్న చిన్న టెస్ట్ స్ట్రిప్‌లు తీస్తూ పోయాం. తొమ్మిదో దాన్ని కోరీ చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. దాన్నే ఖాయం చేశాం.

ఈసారి వాల్టర్‌తో లయొనెల్ కూడా వచ్చాడు. ఇద్దరూ బూత్ ముందు నిలబడ్డారు. లయొనెల్ ముందుకు వంగి, ఫొటోలో వాల్టర్ చెవి పక్కనున్న చిన్న మచ్చను చూపించాడు.

“ఇది నా పనే. నేను మొదటిసారి ఈయనకి జుట్టు కత్తిరించినప్పుడు తెగింది.”

మొదటి ప్రింట్‌లో ఆ మచ్చ లేదు. ముఖాలు శుభ్రం చేసే అలవాటుకొద్దీ దాన్నీ నేనే తీసేశానని అప్పుడు తెలిసింది.

“ఇది నేనే,” అన్నాడు వాల్టర్. “మా చెల్లెలు తలుపు దగ్గరే నిలబడి, అంత దూరం నుంచి చూసినా నేనే అంటుంది. కొంచెం ఆలోచించుకోనివ్వండి.”

“వద్దంటే దీన్ని మీ ఇంటికి పంపిస్తాను. దీని బదులు గోడ మీద ఇంకేదీ పెట్టను,” అన్నారు కోరీ.

తర్వాత పది రోజులు ఏ కబురూ లేదు. ఒప్పుకున్న మనిషిని నేనే వెనక్కి లాగానా అని ఒకటే గుబులు. పదకొండో రోజు లాబ్‌కి ఫోన్ వచ్చింది.

“పద్మగారా, నేను వాల్టర్‌ని. ఆ ఫొటోనే చిన్న సైజులో ఇంకొకటి కావాలి. పోస్టు కవర్‌లో పట్టాలి.”

“ఎగ్జిబిషన్ కోసమా?”

“కోరీకి సరే అని చెప్పేశాను. ఇది మా చెల్లెలికి. గోడ మీద ఎవరో చూసి చెప్పేకన్నా, ముందు నేను పంపితే బాగుంటుంది.”

“ఏమైనా మార్చమంటారా?” అని అడిగాను.

“ఏమీ వద్దు,” అన్నాడు.

ఎగ్జిబిషన్ మొదటిరోజు ప్రసాద్‌తో కలిసి వెళ్లాను. ఆ ఫొటో ముందు జనం ఆగి ఆగి చూస్తున్నారు. వాల్టర్ కనిపిస్తే, చెల్లెలు ఏమందని అడిగాను. అడగొచ్చో లేదో తెలియదు, ఉండబట్టలేకపోయాను.

“రెండుసార్లు ఫోన్ చేసింది,” అన్నాడు. “మొదటిసారి ఏమీ మాట్లాడకుండా పెట్టేసింది. రెండోసారి ఫోన్ లయొనెల్‌కి ఇవ్వమంది.”

ఇప్పుడు మా లాబ్‌లో ఎవరి ఫైల్ వచ్చినా, చెయ్యి వేసే ముందు ఏం మార్చాలో, ఏం మార్చకూడదో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను. వాల్టర్ ముఖాన్ని బాగుచేస్తున్నాననుకుంటూ నేను ఆయన్ని దాచేశాను. దాక్కోవాలో బయటికి రావాలో తేల్చుకోవలసింది ఆయన. అది నా చెయ్యి తేల్చే విషయం కాదు.