ఎండిన పడవతో తడ నుంచి ఇరకం దాకా

పులికాట్ సరస్సులో ఉన్న ఇరకం దీవికి ఎలా పోవాలని ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. దారి చెబుతాను. అయితే నేను పక్షుల కోసమో, ఫొటోల కోసమో ఆ దారి పట్టినవాణ్ణి కాను. ఎనభైల మొదట్లో నా భార్య సరోజకు ఆ దీవిలోని బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మాకు పెళ్లయి అప్పటికి నాలుగు నెలలు. ఆమె నా మేనమామ కూతురే, చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషే. అయినా ఒకే ఇంట్లో ఉండటంలోని రుచి మాకు అప్పుడప్పుడే తెలుస్తోంది. నేను తిరుపతిలో ఒక వడ్రంగి కార్ఖానాలో తలుపులు, కిటికీలు చేసే మేస్త్రీని. ఉద్యోగం వదిలేయమని ఆమెతో అనే ధైర్యం నాకు లేదు, అనాలనీ లేదు. నాకున్న కోరికల్లా ఒక్కటే, శనివారం సాయంత్రానికి ఆమె దగ్గర ఉండాలి.

అదే కుదిరేది కాదు. శనివారం కార్ఖానా ఒంటిగంటకు మూసేవారు. ఒకటిన్నర బస్సెక్కితే శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట, అక్కడ బస్సు మారి సూళ్లూరుపేట, ఆపైన తడ. రెండు టిక్కెట్లూ కలిపి ఎనిమిది రూపాయల లోపే. దారిలో ఏ బస్సూ మొరాయించకపోతే తడలో దిగేసరికి అయిదున్నర. అక్కడి నుంచి భీమునివారిపాళెం రేవుకు నడవాలి. దీవికి ఆఖరి పడవ అయిదుకే వెళ్లిపోయేది. మిగతా పడవలన్నీ ఆ పాటికి వలలు వేసుకుని సరస్సులో ఉండేవి. రేవులో టీకొట్టు బల్ల మీద పడుకుని, తెల్లారి ఆరు గంటల పడవకు అర్ధరూపాయి ఇచ్చి దీవి చేరేవాణ్ణి. మళ్లీ మధ్యాహ్నం మూడు గంటల పడవకు తిరుగు ప్రయాణం, సోమవారం పని మరి. చీకటి పడ్డాక ఆ బల్ల మీద నుంచి చూస్తే అవతల నాలుగైదు దీపాలు సన్నగా కనిపించేవి. అందులో మాది ఏదో తెలిసేది కాదు. ఎడమ చివరిదాన్ని మాదని నాకు నేనే నిర్ణయించుకుని, అది ఆరేదాకా చూసి పడుకునేవాణ్ణి.

టీకొట్టు వెనకాల ఒక పాత తెరచాప పడవ బోర్లించి ఉండేది. కన్నియప్ప అనే పెద్దాయనది. భుజం పడిపోయి ఆయన వేట మానేశాక మూడేళ్లుగా దాన్ని ఎవరూ నీళ్లలోకి దించలేదు. నలుగురు కూర్చునేంత చిన్న పడవ. ఎండకు పలకలు కుంచించుకుపోయి మధ్యమధ్య వేలు దూరేంత సందులు పడ్డాయి. కట్టె మాత్రం గట్టిదని చేత్తో తట్టగానే తెలిసింది. అమ్ముతావా అని అడిగాను.

"తిరప్తిలో పడవ యాడ నడుపుతావప్పా?" అన్నాడు కన్నియప్ప నన్ను ఎగాదిగా చూస్తూ.

సంగతి చెప్పాను. ఆయన కాసేపు దీవి వైపు చూసి, నూటయాభైకి ఇస్తానన్నాడు. "తెరచాప కట్టే కొయ్యా, పాత తెరచాపా గూడా తీసుకో. ఒక్క మాట మేస్త్రీ. ముందు దీన్ని నీళ్లల్లో ముంచిపెట్టు. వారం దినాలు మునిగుండనీ." ముసలాయన కొత్తవాణ్ణి ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కొన్న పడవను ఎవడైనా ముంచుకుంటాడా?

నేను పుట్టింది పలమనేరు పక్కన మెట్ట ఊళ్లో. నీళ్లంటే బావిలో ఉండాలి, బిందెలో ఉండాలి. పైగా మా పనిలో సందు అంటే తప్పు. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య అగ్గిపుల్ల దూరితే నాకు పని నేర్పినాయన వేళ్ల మీద కొట్టేవాడు. అందుకని అయిదు ఆదివారాలు ఆరు గంటల పడవను వదిలేసి రేవులోనే కూర్చున్నాను. కార్ఖానాలో చిత్రిక పట్టి తెచ్చిన టేకు బద్దల్ని ఒక్కో సందులో బిగించి కొట్టాను. మిగిలిన చీలికల్లో లప్పం కూరాను. పదకొండు గంటల పడవకు దీవి చేరేసరికి సరోజ బడి అరుగు మీద కూర్చుని ఉండేది.

"బావా, నువ్వు పెండ్లాడింది నన్నా, ఆ పడవనా?" అని ఒకసారి నవ్వుతూనే అడిగింది. నవ్వు అయిపోయాక మొహం పక్కకు తిప్పుకుంది. కానీ నేను తీసుకెళ్లిన ముతక గాడా గుడ్డను పాత తెరచాప కొలతకు కత్తిరించి, ఆ సాయంత్రం నుంచే చేత్తో కుట్టడం మొదలుపెట్టింది.

ఆరో ఆదివారం పడవను నీళ్లలోకి దించాం. చుక్క నీరు రాలేదు. టీకొట్టామెను పిలిచి మరీ చూపించాను. ఆ తర్వాతి వారం వచ్చి చూస్తే రెండు పలకలు మేకులు పీక్కుని బయటికి ఉబికి ఉన్నాయి, పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. కట్టె నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి నేను చోటు మిగల్చలేదు.

కన్నియప్ప తిట్టి ఉంటే బాగుండేది. ఆయన పలకను నిమురుతూ, "ఇది తలుపు గాదు మేస్త్రీ. పడవ నీళ్లు తాగాల. తాగితే దాని సందు అదే మూసుకుంటాది. నువ్వే అంతా మూసేస్తే అది మాత్రం ఏం జేస్తాది?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పలకలు పోతే మళ్లీ కొట్టుకోవచ్చు. పోయింది ఆదివారాలు, ఒక్కోదాంట్లో అయిదేసి గంటలు. ఆమె దగ్గర కూర్చోవలసిన గంటల్ని తీసుకెళ్లి లప్పంలో పెట్టాను.

మళ్లీ నాలుగు ఆదివారాలు పట్టింది. బద్దలన్నీ పీకి, పలకలు సరిచేసి, కొబ్బరి పీచును వత్తుల్లా పేని మొండి ఉలితో సందుల్లో కూరాను. నూనెలో కరిగించిన గుగ్గిలం పైన పూశాను. నేను అలవాటు కొద్దీ గట్టిగా కొట్టబోతే కన్నియప్ప చెయ్యి పట్టుకుని, "మెల్లిగప్పా, దానికి ఊపిరాడనీ" అనేవాడు. సరోజ కుట్టిన తెరచాపను ఆయనే చెట్టు బెరడు ఉడికించిన నీళ్లలో నానబెట్టాడు. ఉప్పుగాలికి కుళ్లకుండా ఉంటుందట. గుడ్డ ఇటుక రంగుకు తిరిగింది. చివరికి, అంతా అయ్యాక, మా చేతులతో మేమే పడవ నిండా రాళ్లు వేసి మొలలోతు నీళ్లలో ముంచాం. పైకి అంచు ఒక్కటే కనిపిస్తోంది. దాన్ని అలా వదిలేసి బస్సెక్కడం నావల్ల కాలేదు, కన్నియప్ప భుజం పట్టి పంపించాడు.

ఇక ఆ శనివారం సంగతి. ఏప్రిల్ నెల, తిరుపతి బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుంటే కాలేంత ఎండ. పడవను మలిపే పెద్ద తెడ్డు పాతది విరిగిపోయిందని, ఏడడుగుల తెడ్డు ఒకటి కార్ఖానాలో చేసుకుని భుజాన వేసుకొచ్చాను. కండక్టరు దాన్ని చూసి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం మొక్కుబడబ్బా ఇది? కొండకు పొయ్యే బస్సు అవతల ఉండాది."

"మొక్కుబడే అనుకో. కొండకు కాదు, తడకు."

అతను అర్ధరూపాయి లగేజీ కొట్టి, "పైన గట్టిగా కట్టు. ఎవురి నెత్తినా పడితే నా ఉద్యోగం పోతాది" అన్నాడు. శ్రీకాళహస్తిలో బస్సు పది నిమిషాలు ఆగింది. నేను దిగి పైకి చూశాను, తెడ్డు కట్టినచోటే ఉంది. నాయుడుపేటలో రెండో బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. అక్కడ బస్టాండు పక్కన వేడివేడి మసాలా వడలు దొరికేవి, పావలాకు రెండు. కొనుక్కున్నాను గానీ పొట్లం విప్పనే లేదు. పడవ మళ్లీ ఉబికి ఉంటే? ఈసారి సరోజకు ఏమని చెప్పాలి? అందుకే ఈ శనివారం వస్తానని ఆమెకు చెప్పనే లేదు. సూళ్లూరుపేట దాటాక ఎడమవైపు నుంచి ఉప్పు వాసన రావడం మొదలైంది. తడలో దిగేసరికి అయిదూ నలభై.

రేవులో ఆఖరి పడవ ఎప్పటిలాగే వెళ్లిపోయింది. కన్నియప్ప నడుముదాకా నీళ్లలో నిలబడి ఉన్నాడు. పొద్దున్నే మనుషుల్ని పెట్టి రాళ్లు తీయించి, నీళ్లు తోడించి, పడవను తేల్చి కట్టేశాడు.

"సెయ్యి పెట్టి సూడు" అన్నాడు.

వంగి లోపల పలకల మీద అరచెయ్యి జరిపాను. వేలు దూరిన సందుల్లో ఇప్పుడు గోరు కూడా ఆనడం లేదు. నేను పది వారాలు కొట్టుకున్న పనిని ఆ కట్టె నీటి అడుగున పడుకుని వారంలో చేసుకుంది.

"ఈ ఒక్క దినం నేనొస్తా. వచ్చే వారం నుంచీ నీ పాట్లు నువ్వు పడు" అంటూ కన్నియప్ప పడవలోకి ఎక్కాడు. ఎక్కి, కొయ్యను రెండు చేతులతో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. మూడేళ్లయింది ఆయన దాంట్లో కాలు పెట్టి. నేను తెడ్డు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

ఎండాకాలం సాయంత్రాల్లో అక్కడ దక్షిణపు గాలి నిలకడగా వీస్తుంది. తెరచాప ఎత్తగానే నిండింది, పడవ మెల్లగా ఒరిగి సాగింది. సరస్సు లోతు తక్కువ, చాలాచోట్ల నడుము దాటదు. కానీ అడుగున బురద కాలు వదలదు. "ఎడమకు పట్టు, ఆడ ఇసక మేట ఉండాది" అని ఆయన చెబుతుంటే నేను తెడ్డు తిప్పుతున్నాను. తలెత్తితే సరోజ కుట్లు. కొన్నిచోట్ల దగ్గరదగ్గరగా, కొన్నిచోట్ల తొందరగా దూరందూరంగా పడ్డాయి. ఆ దూరం కుట్లు నా మీద కోపంతో వేసి ఉంటుందనుకున్నాను. అడుగున కొంచెం నీరు ఊరితే రెండుసార్లు తోడిపోశాను. గంటకు పైగా పట్టింది. దీవి చేరేసరికి పొద్దు గుంకి చీకటి పడింది.

కన్నియప్ప దీవిలోని చుట్టాల ఇంటికి పోయాడు. నేను బడి వెనకాల ఉన్న మా గదికి నడిచాను. తలుపు తీసే ఉంది. సరోజ లాంతరు దగ్గర బడిపిల్లల పలకలు దిద్దుతోంది. తలెత్తి చూసి, "బావా" అంది. చేతిలో పలక పక్కన పెట్టి లేచి, "కాళ్లు కడుక్కో, అన్నం తిందువు" అంది.

గిన్నె మూత తీస్తే వేడన్నం ఇద్దరికి సరిపడా ఉంది. "ఎవరైనా వస్తామన్నారా?" అన్నాను.

ఆమె వడ్డిస్తూ తలెత్తకుండానే చెప్పింది. "శనివారం ఎప్పుడూ ఇద్దరికే వండతా."

"నేను రానని తెలుసు గదా."

"తెలుసు. పొద్దున నువ్వొచ్చినాక పెరుగేసి పెట్టేది అదే గదా."

నిజమే. ఆదివారం పొద్దున పడవ దిగి రాగానే ఆమె నాకు చద్దన్నం పెట్టేది. కమ్మగా ఉందని తినేవాణ్ణి. అది ముందురోజు సాయంత్రం నాకోసం వండిన అన్నమని, నేను రాక మిగిలిందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ రోజు ఆ వేడన్నం మా ఇద్దరికీ ఒక్క మెతుకు మిగలకుండా సరిపోయింది.

ఆ పడవ మాకు పదకొండు శనివారాలు ఇచ్చింది. ఆ తర్వాత ఆమెకు చంద్రగిరి దగ్గరికి బదిలీ అయింది. పడవను కన్నియప్పకే వదిలి వచ్చేశాం. ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం. కోరుకున్నది దొరికినవాళ్లం కాబట్టి మామూలు మొగుడూ పెళ్లాల్లాగే విసుక్కున్నాం, పోట్లాడుకున్నాం, టీవీ ముందు కూర్చుని నిద్రపోయాం. అయినా ఆ సరస్సు మధ్యలో ఆమె కుట్ల కింద కూర్చున్న గంట మళ్లీ కావాలని నాకు చాలాసార్లు అనిపించేది. ఆమె పోయి ఇప్పుడు ఆరేళ్లు. వంట నేనే చేసుకుంటున్నాను. మిగతా రోజులు ఎట్లాగో సర్దుకుంటాను గానీ, శనివారం సాయంత్రం ఒక్కడికి సరిపడా బియ్యం కొలవడం ఇంకా నాకు చేతకావడం లేదు.

మీరు పోవాలనుకుంటే ఒక్క సలహా. ఆఖరి పడవ వేళ గాలిని బట్టి, మనుషుల్ని బట్టి మారుతుంది. తిరుపతిలో పొద్దున బస్సే ఎక్కి మధ్యాహ్నానికల్లా రేవులో ఉండండి. అవతల మీకోసం ఎవరైనా ఉంటే, ఇంకా ముందు బస్సు ఎక్కండి.